మొగులమ్మ అనని మాట

కోపం వస్తే అరిచే మనిషి కాదు మొగులమ్మ. కోపం పెరిగేకొద్దీ ఆమె గొంతు కిందికి దిగుతుంది. కొట్టంలో బర్రెలకు ఆ సంగతి తెలుసు, మొగుడు వెంకటేశానికి తెలుసు, పాలు పల్చగా ఉన్నాయేమిటని ఒకసారి నోరు జారిన బీరంగూడ ఆసామికి కూడా తెలుసు. అందుకే ఆ రోజు అంగన్‌వాడీ గదిలో కొత్త టీవీ ముందు నిలబడి ఆమె అన్న మాట, పక్కనే ఉన్న అరుణకు తప్ప ఎవరికీ వినబడలేదు.

"గా మాట నేననలే."

అరుణ ఆ అంగన్‌వాడీ టీచరు. పిల్లల చప్పట్ల మధ్య చెవి దగ్గరికి తెచ్చి అడిగింది. "ఏ మాట అవ్వా?"

"గదే. వాగు మాట."

టీవీ ఊరి పక్కనున్న మందుల కంపెనీ ఇచ్చింది. గోడకు బిగించి, రిబ్బన్ కట్టి, టై కట్టుకున్న ఆఫీసరొకాయన వచ్చి కత్తిరించాడు. పిల్లలకు బిస్కెట్ పొట్లాలు పంచారు. ఆ తర్వాత టీవీలో బొమ్మల కథ మొదలైంది. దాహంతో ఎగిరే కాకి, అడుగున కాసిని నీళ్లున్న కుండ, ముక్కుతో ఒక్కొక్క రాయి. తరతరాలుగా పిల్లలకు చెప్పే కథే. చెప్పే గొంతు మాత్రం మొగులమ్మది. "మొగులవ్వ, మొగులవ్వ" అని పిల్లలు టీవీని, మనిషిని మార్చి మార్చి చూస్తూ ఎగిరారు. ఆమె కూడా నవ్వుతూనే నిలబడింది.

సగం కథ దాకా అంతా ఆమెదే. ఆ తర్వాత కాకి రాళ్లు వేసింది, నీళ్లు పైకి రాలేదు. మొగులమ్మ నవ్వు అక్కడే ఆగింది. ఆమె కథలో నీళ్లు రాకపోవడమంటూ లేదు. తెరమీద కాకి ఏడుస్తూ ఎగిరి కంపెనీ గేటు దగ్గర వాలింది. నీలం టోపీ పెట్టుకున్న అన్న ఒకడు నల్లా తిప్పాడు. కాకి కడుపునిండా తాగింది. అప్పుడు ఆమె గొంతే, ఆమె ముద్దు చేసే తీరులోనే, పిల్లలతో అంది: "సూసిండ్రా బిడ్డా, కంపెనోళ్లు మన వాగును గూడ సాఫ్ చేసిండ్రు. ఇగ వాగు నీళ్లతోని భయం లేదు."

ఆఫీసరు చప్పట్లు కొట్టి, ఆమె భుజాల మీద శాలువా కప్పాడు. "మీ గొంతు బంగారం అమ్మా" అన్నాడు. ఫోటో తీశారు. ఫోటోలో మొగులమ్మ ముఖం చూసినవాళ్లు ఆమెకు ఎండ తగిలిందనుకుంటారు.

బయటికి వస్తుంటే గడప దగ్గర పాండు నిలబడి ఉన్నాడు. వరసకు మరిది, పొలం పక్క పొలం. మనవరాలు తనుశ్రీని తీసుకుపోవడానికి వచ్చాడు.

"శాలువా మంచిగ కుదిరింది వదినే" అన్నాడు. "కంపెనోళ్లతోని ఎన్నడు కలిసినవ్? మాకు జెర చెప్తే మేం గూడ కలుస్తుంటిమి గద."

"పాండూ, గది నేనన్న మాట కాదు."

"నీ గొంతు కాదా?"

"గొంతు నాదే."

"మరింక ఎవలన్నట్టు?" అని పిల్లను సంకనేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్నే ఆమెను కాల్చింది.

ఆ మాట బరువేమిటో ఊళ్లో అందరికీ తెలుసు. కంపెనీ ఇంకో రెండు షెడ్లు కట్టబోతోంది. దానికి ముందు అధికారులు ఊరికొచ్చి, టెంటు వేసి, జనం ఏమంటారో మైకులో చెప్పించి రాసుకుపోవాలి. ఆ మీటింగు పది రోజుల్లో ఉంది. ఎన్నో ఏళ్ల కింద ఉన్న షెడ్లకు తోడు ఇంకొన్ని కడతామని ఇలాంటి మీటింగే పెట్టినప్పుడు ఊరి పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని కూల్ డ్రింకులు తాగారు. మైకు పట్టుకున్నది మొగులమ్మ. వాగు నీళ్లు తాగిన దూడ ఎలా కాళ్లు చాపిందో, మూడో రోజు తల్లి బర్రె ఎలా పడిందో, కడుపు ఉబ్బిన పశువును చూసి డాక్టరు చేతులెలా దులుపుకున్నాడో, ఒక్క మాట ఎక్కువ తక్కువ లేకుండా చెప్పింది. షెడ్లు ఆగలేదు. కానీ ఆనాటి నుంచి ఆ ఊళ్లో వాగు గురించి ఏ మాట వచ్చినా "మొగులవ్వను అడుగుండ్రి" అనడం అలవాటైంది. పిల్లలు వాగు దిక్కు పోవద్దంటే తల్లుల మాట వినరు గానీ ఆమె మాట వింటారు. ఆమెకున్న ఆస్తి అదొక్కటే. మిగిలిన నాలుగెకరాల్లో వాగు పక్కనున్న భూమి ఏ పంటకూ పనికిరాకుండా పోయింది.

ఆమె పుట్టింది జోగిపేట దిక్కు ఊళ్లో. నాయనమ్మ చింతపండు కొడుతూ కథలు చెప్పేది. పిల్లలు చుట్టూ కూర్చుని గింజలు ఏరాలి, ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగేది. నాయనమ్మ చేయి కూడా ఆగేది. నిద్రపోయిన పిల్లను లేపి మరీ ఊ అనిపించేది. "ఊ లేని కథ ఎవలికి చెప్తున్ననే, గోడకా?" అనేది. ఆ అలవాటు మొగులమ్మకు గొంతులోనే కలిసిపోయింది. ఒక మాట చెప్పి, ఆగి, ఎదుటివాళ్ల నోట ఊ పడ్డాక గానీ రెండో మాట తీయదు. అంగన్‌వాడీలో కథ చెప్పేటప్పుడు ఇంట్లోంచి చిన్న కుండ కూడా తెస్తుంది. ఊ కొట్టిన పిల్ల ఒక రాయి తెచ్చి కుండలో వేయాలి. నీళ్లు అంచుకొచ్చేసరికి కథ అయిపోతుంది, పిల్లలు ఆ నీళ్లు గడప ముందు మొక్కకు పోస్తారు.

వాగు పాడయ్యాక బర్రెలను కొట్టంలోనే కట్టేసి, బోరు నీళ్లు పెట్టి, కొన్న గడ్డి వేసి పాలు చేయడం నేర్చుకుంది. తెల్లవారకముందే షేర్ ఆటోలో బీరంగూడకు పోయి, పెద్ద ఫ్యాక్టరీ ఉద్యోగుల ఇండ్లల్లో పాలు పోసేది. అట్లా పరిచయమైందే కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన సూర్యారావు సారు ఇల్లు. భార్య కమలాకుమారి, ఒక్కడే కొడుకు కళ్యాణ్. వాడు పాలంటే ముఖం తిప్పేవాడు. మొగులమ్మ గడపలో కూర్చుని, "కాకి నీళ్లు తాగేలోపల నువ్వు పాలు తాగాలె. సూద్దాం ఎవలు ముందో" అని కథ మొదలుపెట్టేది. వాడు మూతి నిండా నురగతో ఊ కొట్టేవాడు. ఒక్కొక్క పొద్దు వాడే గెలిచేవాడు. వాడికి పాలవ్వ అంటే ప్రాణం.

ఆ కళ్యాణ్ పెద్దవాడై, కిష్టారెడ్డిపేటలో అపార్ట్‌మెంట్ కొన్నాక, ఒక బెడ్‌రూమ్ గోడలకు స్పాంజీలు అంటించి పిల్లల కథల చానల్ పెట్టాడు. నిరుడు ఎండాకాలం కారులో వచ్చి పాలవ్వను తీసుకుపోయాడు. ఆ గదిలో ఆమెకు మొదట ఊపిరాడలేదు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అమ్మాయి వేలు ఊపి చెప్పమంది. మొగులమ్మ ఒక మాట చెప్పి ఆగింది. అమ్మాయి చూస్తూ ఉంది. మొగులమ్మా చూస్తూ ఉంది. చివరకు కళ్యాణ్ నవ్వి, ఎదురుగా నేల మీద కూర్చుని, చిన్నప్పటిలాగే ఊ కొట్టాడు. అప్పుడు కథ పారింది. వీడియోలో తర్వాత వాడి ఊ తీసేశారు. దాని చోట చిన్న చిన్న ఖాళీలు మిగిలాయి. ఆ వీడియో ఎంత బాగుందంటే ఊళ్లో అందరి ఫోన్లలో అదే. ఆమె కథ, ఆమె కాకి, ఆమె చెప్పినట్టే నీళ్లు పైకొచ్చాయి.

ఇప్పుడు ఇంకో వీడియో. నిరుటి కాకి బొమ్మే, నిరుటి గొంతే. మాట మాత్రం ఎవరిదో.

*

టీవీ వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం అంగన్‌వాడీ విడిచాక, ముగ్గురు పిల్లలు ఎక్కడిదో పగిలిన బకెట్టు పట్టుకుని వాగుకు పోయారు. ఒడ్డున కూర్చుని నురగను చేత్తో పక్కకు తోసి, ఆ నీళ్లు బకెట్టులోకి తోడి, ఊ కొడుతూ రాళ్లు వేశారు. నీళ్లు అంచుకు వచ్చాయి. కాకి ఎవరో తేలాలి కదా. తనుశ్రీ నేను కాకిని అంది. వంగి తాగింది.

సాయంత్రానికి పిల్లకు వాంతులు. పాండు మోటార్ సైకిల్ మీద కూతురును, మనవరాలిని ఎక్కించుకుని పటాన్‌చెరు దవాఖానకు ఉరికాడు. సెలైన్ పెట్టారు. ఇంకో గుక్క పోయుంటే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడట. కబురు తెలిసి మొగులమ్మ ఆటో ఎక్కి పోయింది. వార్డు గుమ్మం దగ్గరే పాండు చేయి అడ్డం పెట్టాడు.

"లోపటికి రాకు."

"పిల్ల ఎట్లుంది?"

"ఎందుకు తాగినవ్ బిడ్డా అంటే ఏమన్నదో ఎరికేనా వదినే? మొగులవ్వ చెప్పింది, భయం లేదని అన్నది. నా మనవరాలు నా మాట వినదు, దాని అవ్వ మాట వినదు. నీ మాట వింటది. గందుకే తాగింది."

లోపల మంచం మీద పిల్ల చేతికి గుచ్చిన సూది, టేపు కనబడ్డాయి. పాండు తలుపు దగ్గరికి వేసేసరికి మొగులమ్మ వెనక్కు తిరిగింది. ఆమెకు ఇప్పుడు గొంతే లేదు, అంత లోపలికి పోయింది.

*

మర్నాడు పాలు పోయడానికి పోలేదు. నేరుగా కిష్టారెడ్డిపేటకు పోయి కళ్యాణ్ ఫ్లాట్ తలుపు కొట్టింది. కమలాకుమారి తీసింది.

"ఏంటి మొగులమ్మా, క్యాన్ లేకుండా వచ్చావు? కూర్చో, కాఫీ పెడతాను."

"కాఫీ వద్దమ్మా. బాబును పిలువుండ్రి."

కళ్యాణ్ పళ్లు తోముకుంటూ వచ్చాడు. ఆమె ముఖం చూసి బ్రష్షు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వాగు నీళ్లతోని భయం లేదని నేనెన్నడు అన్న బాబు?"

"ఓ, ఆ వీడియోనా." వాడు నోరు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "అది నువ్వు అన్నది కాదులే పాలవ్వా. కంప్యూటర్ అంది. నిరుడు నువ్వు చెప్పిన కథలన్నీ దానికి వినిపిస్తే నీ గొంతు నేర్చుకుంది. ఇప్పుడు మనం ఏది టైప్ చేస్తే అది నీలాగే చెప్తుంది."

"నా తాన నేర్చుకుంటె నేను చెప్పినయి చెప్పాలె. చెప్పనియి ఎట్ల చెప్తది?"

"స్క్రిప్ట్ కంపెనీ వాళ్లది. చుట్టుపక్కల అంగన్‌వాడీలన్నిటికీ వేయాలన్నారు. నేను చేసిచ్చాను, అంతే."

"కంపెనోళ్ల మాటైతే కంపెనోళ్ల గొంతుతోని చెప్పుకోవాలె."

"వాళ్ల గొంతు ఎవరు వింటారు పాలవ్వా?"

అనేశాక వాడికే తెలిసింది ఏమన్నాడో. మొగులమ్మ చాలా మెల్లగా తల ఊపింది.

"గదే బాబు. నేను గదే అడగనీకి వచ్చిన."

వాడికి ఇబ్బందయింది. ఇబ్బందైనప్పుడు మనుషులు కాగితాలు, సాక్ష్యాలు వెతుకుతారు. వాడు లేచి ఫోన్ తెచ్చాడు. "నేను నీకు చెప్పకుండా ఏం చేయలేదు. విను" అని ఒక రికార్డు పెట్టాడు. అందులో వాడి గొంతు: నీ గొంతు మేం వాడుకోవచ్చా పాలవ్వా. వెంటనే ఆమె నవ్వు, ఆమె మాట: వాడుకో బాబు, అదేమన్న తరుగుతదా.

మొగులమ్మ చివరి దాకా విన్నది.

"గది నేనన్న. కాదనను. ఇంట్ల పిల్లగాడు బిందె అడిగితె తీస్కపో అంటం. బిందె తీస్కపోయి అండ్ల మందు కలిపి ఊరందరికి పోస్తడని ఎవలనుకుంటరు?"

కమలాకుమారి మధ్యలోకి వచ్చింది. "ఇంత మాట ఎందుకు మొగులమ్మా. వాడు కొత్తగా పెట్టుకున్నాడు, నాలుగు కంపెనీలతో పని. ఒక్క ముక్క కోసం ఇంత రాద్ధాంతమా? పోనీలే, పిల్లల కథే కదా."

"పిల్లల కథే అమ్మా. గందుకే పిల్ల తాగింది."

అప్పుడు తనుశ్రీ సంగతి చెప్పింది. బకెట్టు, రాళ్లు, నురగ, సెలైను. గొంతు ఎక్కడా పెంచలేదు. కమలాకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్యాణ్ ఆమె ముందే ఫోన్‌లో చానల్ తెరిచి ఆ వీడియో తీసేశాడు. తీసేశాను చూడు అని తెర ఆమె వైపు తిప్పాడు.

"మరి టీవీలల్ల?"

"అది నా చేతిలో లేదు. ఫైల్ వాళ్లకు ఇచ్చేశాను. పెన్ డ్రైవ్‌లలో వేసి పంచుకున్నారు."

"మీటింగుకు రా. వచ్చి మైకుల చెప్పు, గా మాట ఆమె అనలేదు, మేం మిషిన్‌తోని అనిపిచ్చినం అని. గంతే. ఇంకేం అడుగ."

వాడు నేల చూశాడు. "కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాను పాలవ్వా. బయట నోరు విప్పితే నా మీద కేసు వేస్తారు."

"నీ మీద కేసు ఏస్తరు. నా మీద ఏం ఏసిండ్రో తెల్సా? పిల్లను సూడనీకి పోతే తలుపు ఏసిండ్రు."

లేచి నిలబడింది. కమలాకుమారి గుమ్మం దాకా వచ్చి, "రేపటి నుంచి పాలు పోస్తావు కదా" అంది, ఇంకేం మాట్లాడాలో తెలియక.

"ప్యాకెట్ తెచ్చుకోండ్రి అమ్మా" అని మెట్లు దిగింది.

ఎన్నేళ్లుగానో పోసిన ఇల్లు. మెట్లమీద కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకు ఏడుపు వచ్చినందుకు కూడా ఆమెకు కోపమే వచ్చింది.

*

తనుశ్రీ ఇంటికొచ్చింది. ఊళ్లో మాట మాత్రం చల్లారలేదు. బోరింగు దగ్గర ఆడవాళ్లు మొగులమ్మ వస్తే బిందెలు ఎత్తుకుని పోయేవాళ్లు. ఒకామె ముఖం మీదే అడిగింది, మీటింగుల ఈపాలి ఏం చెప్తవ్ అవ్వా, టీవీల చెప్పినట్టేనా అని. వెంకటేశం ఇంట్లో, "ఈసారి మైకు కాడికి పోకు. ఎవలు నమ్ముతరు?" అన్నాడు. ఆమె ఎర్రగా చూసేసరికి గడ్డి కోయడానికి లేచిపోయాడు. కానీ అదే ప్రశ్న ఆమెను కూడా తొలుస్తోంది. నా గొంతును నా గొంతే కాదంటుంటే, మైకులో నేను చెప్పేది ఎవరు నమ్ముతారు?

దారి చూపింది అరుణ. అరుణ కూడా ఆ ఊరి పిల్లే. చిన్నప్పుడు మొగులమ్మ అరుగు మీద ఊ కొట్టి పెరిగింది. పెన్ డ్రైవ్ టీవీ నుంచి పీకి అల్మారాలో పడేసి తాళం వేసింది. పైవాళ్లు అడిగితే ఖరాబైందని చెప్తానంది. కానీ ఆమెకు ఏదో పొసగలేదు. నిరుటి వీడియో ఫోన్‌లో ఉంది, పెన్ డ్రైవ్ మళ్లీ తీసి, కొత్తదాన్ని టీవీలో పెట్టి ఫోన్‌లోకి ఎక్కించుకుంది. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వింటూ కూర్చుంది. వింటూ వింటూ తనకు తెలియకుండానే ఊ కొడుతోంది. కొత్తదానిలో సగం దాటాక ఊ కొట్టబోయి మాట తట్టుకున్నట్టు ఆగిపోయింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే తట్టుకుంది.

ఆ సాయంత్రం మొగులమ్మను వెంటబెట్టుకుని పాండు ఇంటికి పోయింది. పాండు వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో తనుశ్రీ. మొగులమ్మను చూసి లేవబోయాడు.

"పెద్దనాయనా, జెర కూసో. ఒక్కటి ఇని చెప్పు. మొగులవ్వ కథ చెప్తుంటే నువ్వు గూడ ఇన్నవ్ గద. ఊ కొట్టు" అంది అరుణ.

"నాకేం ముసలితనంల ఊ కొట్టుడు."

"కొట్టు తాత" అంది తనుశ్రీ.

నిరుటి కథ పెట్టింది. కాకి ఎగిరింది. ఆగింది. పాండు విసుగ్గా ఊ అన్నాడు. కుండ కనబడింది. ఆగింది. ఊ. రాయి పడింది. ఆగింది. ఊ. పిల్ల కూడా కలిసింది. ఇద్దరి ఊ ఆ ఖాళీల్లో సరిగ్గా ఇమిడిపోయింది. అప్పుడు కొత్తది పెట్టింది. మొదట్లో అంతే. కాకి గేటు దగ్గర వాలిన దగ్గర నుంచి, పాండు ఊ అనబోతే ఇంకో మాట మీద పడింది, దాని మీద ఇంకోటి. నీలం టోపీ, నల్లా, కంపెనోళ్లు, సాఫ్, భయం లేదు, అన్నీ ఒకే పరుగులో పోయాయి. ఊ కు చోటు లేదు. పాండు నోరు తెరిచి, మూసి, మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టింది.

"ఆగలేదు" అన్నాడు పాండు.

"మొగులవ్వ ఆగకుంట ఎన్నడన్న చెప్పిందా?" అంది అరుణ.

పాండు క్షమించమని అడగలేదు, ఆ వంశంలో ఎవరికీ ఆ అలవాటు లేదు. పిల్లను ఒళ్లోంచి దించి, "అవ్వ కాడికి పో" అన్నాడు. తనుశ్రీ వచ్చి మొగులమ్మ మోకాలు పట్టుకుంది. మొగులమ్మ పిల్ల తల మీద చేయి వేసింది కానీ ఆమె కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఊరికి తెలిసింది సరే. మీటింగుకు వచ్చే అధికారులకు ఊ కొట్టడం తెలుసా?

*

మీటింగు రోజు కంపెనీ గేటు ఎదురుగా పెద్ద షామియానా. వేదిక మీద అధికారులు, కింద పోలీసులు, ముందు వరసలో కంపెనీ వాళ్లు తెచ్చిన మనుషులు. పక్కన ఒక తెర కట్టారు. జనం కూర్చునేలోపు ఆ తెర మీద కంపెనీ చేసిన మంచి పనులు చూపించారు. బడికి బల్లలు, రోడ్డుకు లైట్లు, అంగన్‌వాడీకి టీవీ. తర్వాత కాకి వచ్చింది. షామియానా అంతా మొగులమ్మ గొంతు నిండింది. వాగు నీళ్లతోని భయం లేదు. ఊరోళ్లు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరసవాళ్లు కొట్టారు.

పేరు పిలిచేసరికి మొగులమ్మ వేదిక ఎక్కింది. వీడియో తీసే కుర్రవాడు కెమెరా ఆమె వైపు తిప్పాడు. మధ్యలో కూర్చున్న అధికారి, "చెప్పండమ్మా, అంతా రికార్డ్ అవుతోంది" అన్నాడు.

ఆమె మైకుకు దగ్గరగా నోరు పెట్టింది. మెల్లగానే మొదలుపెట్టింది, కానీ మైకు ఉంది కాబట్టి ఆ కోపం మొదటిసారి ఊరందరికీ వినబడింది.

"ఇప్పుడు తెర మీద మాట్లాడింది నేను కాదు. నా గొంతు తీస్కపోయి మిషిన్ల పెట్టి కంపెనోళ్లు ఆడిపిచ్చిన అబద్ధం గది. వాగు సాఫ్ కాలే. నిరుడు నా బర్రె తాడు తెంపుకుని పోయి తాగింది, ఈసుకపోయింది, కడుపుల దూడ పోయింది. మొన్న పాండు మనవరాలు తాగింది, ఆరేండ్ల పిల్ల, దవాఖాన్ల పడ్డది. ఎందుకు తాగింది? మొగులవ్వ చెప్పింది అని తాగింది. నేను చెప్పలే. మీరు చెప్పిచ్చిండ్రు. షెడ్లు వద్దు. ఉన్న షెడ్ల నీళ్లు వాగుల ఇడుసుడు బంద్ చెయ్యాలె. నా గొంతుతోని ఉన్న గా టీవీలన్నిట్ల నుంచి గా కథ తియ్యాలె. గిది నేనంటున్న. మొగులమ్మ అంటున్నది."

కంపెనీ ఆఫీసరు లేచి ఏదో అనబోయాడు. అధికారి చేయి ఎత్తి ఆపాడు. "నోట్ చేసుకున్నాం అమ్మా. దిగండి. తర్వాత పేరు, పాండు."

మొగులమ్మ దిగలేదు.

"సారు, ఇప్పుడు నేనన్నది నాకు ఇనిపియ్యండ్రి."

"ఏంటమ్మా?"

"రికార్డయింది అన్నరు గద. ఏం రికార్డయిందో ఇనిపియ్యండ్రి. అప్పుడు దిగుత."

"అది తర్వాత మినిట్స్‌లో రాసి వెబ్‌సైట్‌లో పెడతాం. ఇప్పుడు టైం లేదు."

"రాసుడు కాదు సారు. ఇనిపియ్యాలె. పోయినసారి రాసుకపోయిండ్రు, ఏం రాసిండ్రో నాకు తెల్వదు. ఈసారి రికార్డ్ చేసిండ్రు, దాంట్ల ఇంకేం కలుస్తదో నాకు తెల్వదు. నా మాట మీ తాన ఎట్లున్నదో నేను ఇనాలె."

అధికారి పోలీసు వైపు చూశాడు. పోలీసమ్మ రెండడుగులు వేసింది. మొగులమ్మ వేదిక చెక్కల మీద, మైకు స్టాండు పక్కనే, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. లేపితే లేచే కూర్చోడం కాదది.

"పాండు ఎవరండీ, రండి" అని కింద నుంచి మళ్లీ పిలిచారు.

పాండు జనం మధ్యలో లేచాడు. "వస్త సారు. ముందుగాల మా వదినెది ఇనిపియ్యండ్రి. అది అయినంక నాది. నాది గూడ ఇనిపియ్యాలె" అని కూర్చున్నాడు.

ఆ తర్వాత పిలిచిన పేరు లేవలేదు. ఇంకో పేరూ లేవలేదు. అరుణ తన పేరు రాగానే కూర్చున్న చోటి నుంచే, "వింటేనే చెప్తం సారు" అంది. వెనక ఎవరో నవ్వారు, ఇంకెవరో వాళ్లను కసిరారు. కంపెనీ ఆఫీసరు అధికారి చెవిలో గుసగుసలాడాడు. అధికారి గడియారం చూసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుని, కెమెరా కుర్రవాడిని పిలిచాడు.

కుర్రవాడు వెనక్కు తిప్పి పెట్టాడు. కెమెరాలోంచి గొంతు సన్నగా వచ్చింది, ఎవరికీ వినబడలేదు. "మైకు కాడ పెట్టు బిడ్డా" అంది మొగులమ్మ. వాడు మైకు స్టాండు వంచి కెమెరా దగ్గర పెట్టాడు. అప్పుడు వినబడింది. ఇప్పుడు తెర మీద మాట్లాడింది నేను కాదు.

జనమంతా విన్నారు. ఆమె కూర్చున్న చోటే తల ఒక పక్కకు వంచి, వేలు పెదవి మీద పెట్టుకుని విన్నది. దూడను డాక్టరు చూసేటప్పుడు పక్కన కూర్చుని చూసినట్టు, ఒక్క చోట కూడా కన్ను ఆర్పకుండా విన్నది. బర్రె మాట వచ్చింది. పిల్ల మాట వచ్చింది. షెడ్ల మాట, టీవీల మాట వచ్చాయి. పేరు వచ్చింది. కుర్రవాడు ఆపాడు.

"సరిపోయిందా అమ్మా?" అన్నాడు అధికారి.

"సరిపోయింది. నేనన్నదే ఉన్నది." మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "పాండుది అయినంక గూడ గిట్లనే ఇనిపియ్యండ్రి సారు. నేను గీడనే కూసుంట."

వేదిక దిగి మొదటి వరసలోకి నడిచింది. అక్కడ కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కంపెనీ తెచ్చిన మనిషి ఒకతను కాసేపు ఆమెను చూసి, లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చుని, మైకు వైపే చూస్తూ ఉండిపోయింది.